ఆవిరి చెయ్యి

తూర్పున పొద్దు పొడిచినా గృధ్రశిఖరానికి వెలుగు రాలేదు. మేఘాలు మోకాళ్ళ దాకా వచ్చి ఆగిపోయే ఆ నల్లరాతి కొండ నెత్తిన, మాంత్రికుడు ఉల్కాముఖుడి కోట బోర్లించిన మసికుండలా ఉంది. బురుజులన్నీ రాబందుల మెడల్లా ముందుకు వంగి ఉన్నాయి. గోడల సందుల్లోంచి గంధకపు పొగ సన్నగా పాకుతోంది. పారే నీరు లేదు, పచ్చని ఆకు లేదు, ఆకంటూ ఉంటే దాన్ని కదిలించేంత గాలి కూడా లేదు. కోట నడిమధ్య విశాలమైన ముంగిలి. దానికి ఒక పక్క వంటశాల. ఎదుటి పక్క కొండ కడుపులోకి తొలిచిన బిలం, ఆ బిలానికి అడ్డంగా ఒకే ఒక్క రాతి తలుపు.

తలుపు ముందు కొందరు నిలబడి ఉన్నారు. నడుముకు కత్తి కట్టిన వీరుడొకడు, పళ్ళు బిగించిన మల్లుడొకడు, కొంగు నడుముకు దోపిన పడుచు ఒకతె, తొండం చాచిన ఏనుగు ఒకటి. అందరి చేతులూ, ఆ తొండంతో సహా, గోడవారనున్న ఒక ఇనుపగొలుసు వైపే చాచి ఉన్నాయి. అందరూ రాయే. కంటి రెప్పల దాకా, నుదుటి చెమటబొట్టు దాకా రాయే.

వంటశాల అరుగు మీద ఒక కళాయివాడు గొంతుక్కూర్చుని రాగి గంగాళానికి తగరం పూస్తున్నాడు. తలకు చింకిపాగా, మొహం నిండా మసి, పక్కన చిన్న కొలిమి, తోలుతిత్తి. నిన్న సాయంత్రం సామాను మూట నెత్తిన పెట్టుకుని కొండెక్కి వచ్చాడు. కావలివాళ్ళు మూట విప్పి చూసి లోపలికి పోనిచ్చారు. మధుమంత రాజ్యపు యువరాజు కీర్తిసేనుడు ఇలా మసి పూసుకుని వస్తాడని వాళ్ళెలా అనుకుంటారు?

కీర్తిసేనుడి అన్న, మహారాజు జయకేతుడు, ఆ రాతి తలుపు వెనక ఉన్నాడు. పట్టాభిషేకం రోజున, మంగళవాద్యాలు మోగుతుండగా, ఒక పెనురాబందు సభామంటపం కప్పు చీల్చుకుని దిగి అతన్ని ఎత్తుకుపోయింది. దాని వీపు మీద ఉల్కాముఖుడు కూర్చుని ఉన్నాడు.

కావలివాళ్ళ నాయకుడు దంష్ట్రుడు ముంగిలిలోకి వచ్చాడు. తాటిమొద్దులాంటి మనిషి. చేతిలో ఇనుపగద, పెదవి దాటి బయటికొచ్చిన కోరపన్ను.

"ఏరా కళాయీ, ఇంకా కాలేదా? మధ్యాహ్నం గ్రహణం పట్టే వేళకి ఆ గంగాళం తళతళలాడాలి. అయ్యవారు సముద్రం అవతలనించి మూలికలు తీసుకుని అప్పటికి వచ్చేస్తారు."

"అయిపోతుంది దొరా. ఎందులోకి ఈ గంగాళం?"

"లోపలున్నవాడి నెత్తురు పట్టడానికి. రాజు నెత్తురైతేనే పనికొస్తుందట," అని దంష్ట్రుడు ఆవులించి వెళ్ళిపోయాడు.

కీర్తిసేనుడి చేతిలో గుడ్డ ఆగింది. మళ్ళీ కదిలింది.

"రుద్దు నాయనా, ఆపితే వాడు మళ్ళీ వస్తాడు," అంది వెనకనించి ఒక గొంతు.

వంటశాల పెద్ద ఎర్రసాని. ఎండిన మిరపకాయలాంటి మనిషి, నెరిసిన జుట్టు ముడి. ఉల్కాముఖుడి మనుషులు ఎప్పుడో ఏళ్ళ కిందట ఊరు కొల్లగొట్టి, గిన్నెలతోపాటు ఆమెనీ మోసుకొచ్చారు. అప్పటినించీ ఈ కోటలో పొయ్యి ఆమెది.

ఆమె పక్కనే కూర్చుని చేట ముందు పెట్టుకుంది. బియ్యంలో రాళ్ళేరుతున్నట్టు తల వంచి, పెదాలు కదపకుండా అంది. "కళాయివాడి వేళ్ళకి కాలిన మచ్చలుండాలి. నీ వేళ్ళకి ఉంగరాల మచ్చలున్నాయేం?"

కీర్తిసేనుడు మొలలో దాచిన చురకత్తి మీదికి చెయ్యి పోనిచ్చాడు.

"అరవాలనుకుంటే నిన్ననే అరిచేదాన్ని. మొహం చూస్తేనే తెలుస్తోంది, ఆ లోపలున్నాయన తమ్ముడివి. ఆ పెదవి విరుపు ఇద్దరికీ ఒకటే. గొలుసు జోలికి పోతావేమో, పోవద్దని చెప్పడానికొచ్చాను."

"ఆ తలుపు ఎత్తాలంటే ఎందరు కావాలవ్వా?"

"అదే దాని మాయ. ఒక్క పసిబిడ్డ చాలు. గోడలో తూకపురాళ్ళు వేలాడుతున్నాయి, బరువంతా అవే మోస్తాయి. గొలుసు చుట్టుకునే గిలక తిప్పితే గాలిలో పింఛంలా లేస్తుంది. కానీ ప్రాణమున్నది ఏదైనా సరే, దాన్ని లాగిందా, రాయే. చేత్తో లాగినా అంతే, దూరంగా నిలబడి తాడు కట్టి లాగినా అంతే. ఆ ఏనుగు అట్లా అయిందే. రాయైనవాళ్ళ పట్టులోంచి గొలుసు తప్పించి అలా నిలబెడతారు. ఉల్కాముఖుడు మాత్రం మంత్రదండం చూపించి ఎత్తుకుంటాడు."

"తాకితే?"

"తాకితే ఏమీ కాదు. నేను రోజూ దుమ్ము దులుపుతాను. లాగితేనే."

కీర్తిసేనుడు తలెత్తి ముంగిలంతా కలయజూశాడు. బరువు కట్టి వదులుదామంటే గిలక నేలకి జానెడెత్తులో ఉంది, బరువు దిగడానికి చోటు లేదు. నీటిచక్రం పెడదామంటే వాగు లేదు. గాలిమర పెడదామంటే గాలి లేదు. ప్రాణం లేనిదై ఉండాలి, తనంతట తాను కదలాలి.

అప్పుడు అతని చూపు ఎర్రసాని పొయ్యి మీద పడింది. పప్పు ఉడుకుతున్న కాగు మీద మూత టపటపా ఎగిరెగిరి పడుతోంది.

రాజధానిలో యంత్రాచార్యుడు విశ్వనేమి దగ్గర అతను ఆవిరి బలం చూశాడు. గురుశిష్యులిద్దరూ కలిసి ఉద్యానవనానికి నీళ్ళు తోడే ఆవిరియంత్రం కట్టారు. అది ఇల్లంత ఉండేది. దానికి మీటలు, మరలు, కవాటాలు బోలెడు. అన్నిటికీ మించి, ఆవిరిని లోపలికి వదలడానికి ఒకడు, బయటికి వదలడానికి ఇంకొకడు, ఇద్దరు మనుషులు ఎప్పుడూ కవాటాలు తిప్పుతూ ఉండాలి. ప్రతి కదలికలోనూ మనిషి చెయ్యి ఉంటుంది. ఇక్కడ ఆ చెయ్యే ప్రమాదం. పైగా మధ్యాహ్నంలోపు, ఈ వంటింట్లో దొరికే గిన్నెలతో, ఇద్దరు మోయగలిగేంత చిన్నది కావాలి.

"అవ్వా, ఇక్కడ లోపల గుల్లగా, నున్నగా ఉండే ఇత్తడి గొట్టం ఏదైనా ఉందా? అందులో ఇమిడి జారే దిమ్మ కూడా ఉండాలి."

"దోచుకొచ్చిన సామాను గదిలో వసంతోత్సవానికి రంగునీళ్ళు చిమ్మే చిమ్మనగ్రోవి ఒకటి పడి ఉంది."

"తీసుకురా."

అది మోచేతి పొడవున్న ఇత్తడి గ్రోవి. ఏ రాణివాసానిదో, మీద లతలు చెక్కి ఉన్నాయి. కీర్తిసేనుడు లోపలి దిమ్మకు నూనెలో తడిపిన నూలు చుట్టి తోసి చూశాడు. గాలి జారకుండా బిగువుగా కదిలింది. ఆవిరి దీన్ని తోస్తుంది, సరే. తోసిన తర్వాత? ఆవిరి రావడం తనంతట తాను ఆగాలి. లోపలున్న ఆవిరి తనంతట తాను బయటికి పోవాలి. మళ్ళీ రావాలి. ఎవరు తెరుస్తారు, ఎవరు మూస్తారు?

కొండ కింద మేఘాల మీద ఎండ పసుపు నించి తెలుపుకి మారుతోంది. అతను నేల మీద పిండి చల్లి వేలితో గీశాడు, చెరిపాడు. మళ్ళీ గీశాడు. ఒక మీట పెడితే దానికి ఇంకో మీట కావలసి వచ్చింది. నాలుగోసారి చెరిపేసరికి నుదుటి చెమట పిండిలో పడింది.

ఎర్రసానికి పని ఆపే వీల్లేదు. పొయ్యి దగ్గర అలికిడి లేకపోతే కావలివాళ్ళు వచ్చి చూస్తారు. ఆమె తిరగలి ముందు కూర్చుని పిండి విసరడం మొదలుపెట్టింది. ఘర్రు ఘర్రుమని పైరాయి తిరుగుతోంది. కీర్తిసేనుడు చిరాగ్గా తలెత్తాడు. ఎత్తినవాడు అలాగే ఉండిపోయాడు.

ఆమె భుజం కదలడం లేదు. పిడి పట్టుకున్న చెయ్యి గుండ్రంగా తిరుగుతోంది. నడుమనున్న ముంజెయ్యి మాత్రం ముందుకీ వెనక్కీ పోతూనే, అటొకసారి ఇటొకసారి ఊగుతోంది. రాయి ఆ వైపున్నప్పుడు ముంజెయ్యి ఆ వైపు వాలుతోంది, ఈ వైపుకి రాగానే ఈ వైపు.

"ఆపకు అవ్వా. ఇంకాస్త నెమ్మదిగా."

"ఏం చూస్తున్నావు నాయనా?"

"నీ చెయ్యి."

అతను పిండి మీద చకచకా గీశాడు. గ్రోవిని కదలకుండా బిగించడమే తప్పు. దాన్ని మధ్యలో ఒక్క చీల మీద నిలబెట్టి ఊగనివ్వాలి. దాని కడుపున ఒకే ఒక్క బెజ్జం. కింద ఒక ఇత్తడి పళ్ళెం, పళ్ళేనికి రెండు బెజ్జాలు. ఒకటి కాగులో ఆవిరికి, రెండోది బయటి గాలికి. గ్రోవి ఇటు ఊగితే దాని బెజ్జం ఆవిరి బెజ్జం మీదికి వస్తుంది, దిమ్మ ముందుకు దూకి తిరగలి పిడిని తోస్తుంది. రాయి ఆ ఊపులో తిరుగుతూ గ్రోవిని అటు ఊపుతుంది. ఆవిరి దారి మూసుకుని గాలి దారి తెరుచుకుంటుంది, అయిపోయిన ఆవిరి బుస్సున పోతుంది. రాయి బరువే దిమ్మను వెనక్కి నెడుతుంది. మీటలు లేవు, మరలు లేవు, కవాటం తిప్పే మనిషి లేడు. ఊగడమే కవాటం.

"ఇంతేనా?" అంది ఎర్రసాని పిండిలో గీతలు చూసి.

"ఇంతే. గురువుగారు చూస్తే ఇల్లంత యంత్రాన్ని పీకించేసేవారు."

పని మొదలైంది. కళాయి మూటలో తగరం, నవాసారం, సుత్తి, పట్టకారు అన్నీ ఉన్నాయి. వేషం కోసం తెచ్చినవి ఇప్పుడు ప్రాణాలు నిలబెట్టేవయ్యాయి. ఇత్తడి పళ్ళేన్ని బోర్లించి, ఉలితో బెజ్జాలు కొట్టి, అంచులు గీకి నున్నచేశాడు. రాగిరేకును గొట్టంగా చుట్టి తగరంతో అతికాడు. మందమైన రాగికాగు ఒకటి ఎంచుకుని సగానికి నీళ్ళు పోశాడు. ఎర్రసాని మూత పెట్టి, గట్టిగా తాళ్ళు బిగించి, అంచు చుట్టూ పిండిముద్ద మెత్తింది. మూతలో చిన్న రంధ్రం చేసి దాని మీద నున్నటి గుండ్రాయి ఒకటి పెట్టాడు కీర్తిసేనుడు.

"అదెందుకు?"

"లోపల ఆవిరి మితిమీరితే రాయి లేచి దారిస్తుంది. లేకపోతే కాగు పగిలి మనిద్దరం పోతాం."

తిరగలి ఇరుసు కింద రాగిబిళ్ళ దూర్చి, పైరాయి కిందిరాయికి తగలకుండా వెంట్రుకవాసి పైకి లేపాడు. దిమ్మ కాడ కొసను తిరగలి పిడికి తగిలించి, గ్రోవి ఎగిరిపోకుండా వెదురుబద్దను విల్లులా వంచి దాని వీపు మీద అదిమిపెట్టాడు. పొయ్యిలో చండ్రకట్టెలు భగభగమన్నాయి. కాగు గుమ్మని మూలిగింది. ఆవిరి గొట్టంలోకి పరుగెత్తింది.

రాయి కదల్లేదు. పళ్ళెం చుట్టూ సర్రుమని ఆవిరి చిమ్మి కీర్తిసేనుడి మణికట్టు కాలింది. అతను పెదవి కొరుక్కుని వంగి చూశాడు. గ్రోవికీ పళ్ళేనికీ మధ్య సందుంది. మంట తగ్గించి, గ్రోవి తీసి, బూడిదా నూనే కలిపి రెండిటినీ ఒకదానిమీదొకటి పెట్టి నూరడం మొదలుపెట్టాడు. బయట ముంగిలిలో నీడలు కురచబడుతున్నాయి. అతను నూరుతూనే ఉన్నాడు. రెండు లోహాలూ చివరికి అద్దంలా అతుక్కున్నాయి.

ఈసారి ఆవిరి రాగానే పైరాయిని చేత్తో ఒక్క తిప్పు తిప్పి వదిలాడు. గ్రోవి ఊగింది. బుస్. రాయి చుట్టు తిరిగింది. బుస్. బుస్. బుస్. తిరగలి ఎవరూ పట్టుకోకుండా తిరుగుతోంది. ఎర్రసాని ఒక అడుగు వెనక్కి వేసి చేతులు జోడించబోయి, మళ్ళీ దించుకుంది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో వెలుగు ఆగిపోయింది.

"ఏంటీ బుసలు?" దంష్ట్రుడు గద నేలకానించి నిలబడ్డాడు. అతని ఎర్రటి కళ్ళు కాగునించి గ్రోవికి, గ్రోవినించి రాయికి పాకాయి. "పాములాగుంది. ఎవడు వేశాడు ఈ మంత్రం?"

కీర్తిసేనుడు నోరు తెరిచేలోపే ఎర్రసాని విసుగ్గా అందుకుంది. "మంత్రమా నా తలకాయా. గ్రహణం పూజకి పిండి జల్లెడలో ఆగకుండా మెత్తగా కావాలని అయ్యవారు చెప్పలేదూ? నా చేతులు పడిపోయాయి. ఈ కళాయి పిల్లాడికి మాళవదేశంలో నేర్చిన విద్య ఏదో ఉందట, చెయ్యమన్నాను. నీకిష్టం లేకపోతే ఆపించేస్తాను, నువ్వు కూర్చుని విసురు."

దంష్ట్రుడు దగ్గరికొచ్చాడు. "పిండి ఏదీ?"

రాయి కిందిదానికి తగలకుండా లేపి ఉంది. పిండి రాదు. కీర్తిసేనుడు వినయంగా వంగి, "ఇదిగో దొరా, గింజ వేస్తున్నాను," అంటూ ఒక చేత్తో బియ్యం గుంటలో పోస్తూ, రెండో చేతి పట్టకారుతో ఇరుసు కిందనున్న బిళ్ళను చటుక్కున లాగేశాడు. రాయి ధబ్బున కూర్చుంది. తిరుగుడు మందగించింది. దాదాపు ఆగింది. ఎర్రసాని కాలితో ఒక కట్టె పొయ్యిలోకి తోసింది. బుస్ మని గ్రోవి మూలిగి, రాయి ఘర్రుమంటూ మళ్ళీ అందుకుంది. అంచు నించి తెల్లటి పిండి రాలింది.

దంష్ట్రుడు వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాడు. "మెత్తగానే ఉంది." కాస్సేపు ఆ రాయి వైపే చూశాడు. "పనయ్యాక దీన్ని పగలగొట్టెయ్. నాకిది నచ్చలేదు. ముందు నాకు కల్లు పొయ్యి అవ్వా."

ఎర్రసాని కల్లులో ఉమ్మెత్తరసం కలిపి పెద్ద ముంతెడు పోసింది. మిగతా కావలివాళ్ళు కూడా గుటకలు వేశారు. గ్రహణానికి ముందు వచ్చే ఆ మసకవెలుగు ముంగిలి మీద పడే వేళకి బురుజు నీడన గురకలు వినిపించాయి.

ఇద్దరూ పరుగులు పెట్టారు. తిరగలి రాళ్ళు, గ్రోవి, పళ్ళెం, నిప్పుల కుంపటి, కాగు ఒక్కొక్కటే తలుపు దగ్గరికి చేరాయి. రాతిమనుషుల మధ్య వాటిని అమర్చుతుంటే కీర్తిసేనుడి మోచెయ్యి ఆ రాతిపడుచు వేళ్ళకి తగిలింది. చల్లగా ఉంది. అతను చూపు తిప్పుకున్నాడు. బిళ్ళ మళ్ళీ దూర్చి రాయిని లేపాడు. పైరాయి నడినెత్తిన కర్రకండె బిగించి, దానికి తోలుపగ్గం ఒక కొస కట్టాడు. రెండో కొసను గిలక చక్రం చుట్టూ చుట్టాడు. మధ్యలో పగ్గాన్ని చాలా వదులుగా నేల మీద వదిలేశాడు.

"ఎందుకంత వదులు?"

"మొదటి తిప్పు నేనే తిప్పాలి. పగ్గం బిగిసి ఉండగా తిప్పితే లాగింది నేనే అవుతుంది. వదులుగా ఉండగా తిప్పి చెయ్యి తీసేస్తాను. ఆ తర్వాత లాగేది ఆవిరి."

"తీయడం ఆలస్యమైతే?"

కీర్తిసేనుడు తిరగలి పిడి పట్టుకుని కాగు వైపు చూశాడు. మూత మీద గుండ్రాయి వణకడం మొదలుపెట్టగానే పైరాయిని గట్టిగా తిప్పి, నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. బుస్. బుస్. కండెకు పగ్గం చుట్టుకుంటోంది. నేల మీది వదులు పాములా పాకి పాకి పోతోంది. లేచింది. బిగిసింది. తిరగలి ఒక్క క్షణం ఒణికింది.

గిలక కిర్రుమంది. గొలుసు కదిలింది. రాతి తలుపు కింద జుట్టుపోగంత చీకటి కనిపించింది.

తలుపు బెత్తెడు లేచింది. జానెడు లేచింది. కీర్తిసేనుడు తన చేతులు చూసుకున్నాడు. మాంసమే. తలుపు మోకాలెత్తు లేచింది. అప్పుడు పగ్గం కండె మీద ఒక మెలిక పడి గట్టిగా గుంజింది. పిడి, ఇరుసు, గ్రోవి ఒకే గీతలోకి వచ్చి ఆగిపోయాయి. గ్రోవి బెజ్జం ఆవిరి బెజ్జానికీ గాలి బెజ్జానికీ సరిగ్గా నడుమ మూసుకుపోయింది. తలుపు అలాగే నిలిచింది. మెల్లగా, అతిమెల్లగా, వెనక్కి దిగసాగింది.

ఒక్క వేలితో పిడిని పక్కకి తోస్తే చాలు. కానీ పగ్గం ఇప్పుడు బిగిసి ఉంది. కీర్తిసేనుడు ముందుకు వంగాడు.

"ఆగు," అంది ఎర్రసాని. ఆమె చేతిలో ఒడిసెల ఉంది. మిద్దె మీద ఎండబెట్టిన వడియాల మీద రాబందులు వాలకుండా కొట్టే ఒడిసెల.

"ఇలా ఇవ్వవ్వా. నేను కొడతాను."

"చేతినించి వదిలిన రాయి తగిలినా చేత్తో లాగినట్టే లెక్కవుతుందో కాదో ఎవరికి తెలుసు? నువ్వు బండవైతే లోపలున్నాయన ఎవరి భుజం మీద బయటికొస్తాడు?" అంటూనే ఆమె గిరగిరా తిప్పి వదిలేసింది.

గులకరాయి పిడికి ఠంగున తగిలింది. పిడి పక్కకి జరిగింది. బుస్ మని గ్రోవి ఊగి రాయి మళ్ళీ తిరిగింది. ఇద్దరూ తిరగలి వైపు చూడలేదు. ఎర్రసాని కుడిచేతి వైపు చూశారు. ఆమె వేళ్ళు ముడిచింది, చాచింది. ముడతలు పడ్డ, పసుపు మరకల వేళ్ళు, కదులుతున్నాయి.

"పో," అంది ఆమె. "నేను కట్టెలు వేస్తుంటాను."

తలుపు నడుమెత్తు లేవగానే కీర్తిసేనుడు వంగి లోపలికి దూరాడు. బిలంలో చీకటి జిగటగా ఉంది. అడుగడుగునా తడుముకుంటూ పోతే ఒక రాతిస్తంభం, దానికి తోలుపట్టీలతో కట్టేసిన మనిషి చేతికి తగిలాడు.

"అన్నయ్యా."

"ఎవరది?" గొంతు బొంగురుపోయి ఉంది. "తమ్ముడూ, నువ్వా? నీ ఒంటి నించి పప్పుచారు వాసన వస్తోందేమిటి?"

కీర్తిసేనుడు తడుముకుంటూనే చురకత్తితో పట్టీలు కోశాడు. జయకేతుడి కాళ్ళు నిలబడలేదు. అతన్ని భుజాన వేసుకుని వెలుగుగీత వైపు నడిచాడు.

సగం దూరంలో ఉండగా బయట దంష్ట్రుడి గర్జన వినిపించింది. ఆవిరి బుసలు నిద్ర చెడగొట్టాయి కాబోలు. ఎర్రసాని ఏదో అరిచింది. ఇనుము రాగి మీద పడ్డ చప్పుడు, ఆ వెంటనే కొండ తుమ్మినట్టు ఒక పేలుడు. బిలం తెల్లటి ఆవిరితో నిండిపోయింది. బుసలు ఆగిపోయాయి. గిలక వెనక్కి గిర్రున తిరుగుతున్న చప్పుడు. ముందున్న వెలుగుగీత సన్నబడుతోంది.

కీర్తిసేనుడు పరుగెత్తాడు. నడుమెత్తు వెలుగు మోకాలెత్తయింది. ఇంకా కిందికి దిగింది. అన్నను ముందుకు తోసి తనూ పడుకుని దొర్లబోయాడు. అందనంత దూరం ఉంది. తలుపు అంచు నేలకు జానెడెత్తులోకి వచ్చి, కీచుమంటూ ఆగిపోయింది.

ఎందుకు ఆగిందో ఆలోచించే తీరిక లేదు. చెంప నేలకి ఆనించి, ఊపిరి బయటికి వదిలి, ముందు అన్నను తోసి, తర్వాత తను ఒళ్ళు గీరుకుపోతూ బయటపడ్డాడు.

ముంగిలంతా ఆవిరి. రాగికాగు రెండు ముక్కలై పడి ఉంది. చిమ్మనగ్రోవి వంకరపోయింది. గిలక మీద వాలి, రెండు చేతులతో గొలుసు బిగబట్టుకుని, నోరు తెరుచుకుని దంష్ట్రుడు నిలబడి ఉన్నాడు. కోరపన్ను చివర దాకా రాయి.

"గదతో కాగు పగలగొట్టాడు," అంది ఎర్రసాని. ఎడమచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కి ఉంది, దాన్ని కడుపుకి హత్తుకుంది. "ఆవిరి మొహాన కొట్టింది. కళ్ళు కనపడక, జారిపోతున్న గొలుసు ఎదురైతే ఆసరా అనుకుని పట్టుకుని లాగాడు. ఎన్నేళ్ళు కాపలా కాశాడో ఈ గొలుసుకి."

కీర్తిసేనుడు చిరిగిన పాగా తీసి ఆమె చేతికి చుట్టాడు. ఆకాశంలో సూర్యుడి అంచు కొరికేసినట్టు నల్లబడుతోంది. దక్షిణదిక్కున మేఘాల మీద ఒక నీడ కనిపించింది. మబ్బు నీడ కాదు. దానికి రెక్కలున్నాయి.

"పద నాయనా. వంటశాల వెనక నీళ్ళు పారబోసే సొరంగం కొండ కిందికి పోతుంది," అంది ఎర్రసాని.

జయకేతుడు తమ్ముడి భుజం పట్టుకుని నిలబడ్డాడు కాని అడుగు వెయ్యలేదు. "తమ్ముడూ, విను."

తలుపు కింది జానెడు సందులోంచి చప్పుళ్ళు వస్తున్నాయి. తోలుపట్టీలు గుంజుకుంటున్న చప్పుడు. దగ్గు. ఒక ఆడమనిషి గొంతు ఎవరి పేరో పిలుస్తోంది. దానికి ఇంకా లోపలినించి మరో గొంతు బదులిచ్చింది, దానికి వెనక ఇంకొకటి.

"నేనొక్కణ్ణే అనుకున్నావా? లోపల చీకటి పొడవునా స్తంభాలే. ఆరు దేశాల వాళ్ళున్నారు. నీ యంత్రం బుసలు విని, నిన్నటిదాకా ఏడ్చినవాళ్ళు నోరు మూసుకుని ఎదురుచూశారు."

గిలక దగ్గర టక్కుమంది. దంష్ట్రుడి రాతిచిటికెనవేలు విరిగి నేల మీద దొర్లింది. గొలుసు ఒక కొలికి జారింది. తలుపు అంగుళం దిగింది.

కీర్తిసేనుడు దక్షిణం వైపు చూశాడు. రెక్కల నీడ కొండ మొదటి మలుపు దాటింది. అతను వంగి పగిలిన కాగు ముక్కను పక్కకి తన్ని, పగ్గం కోసేసి, తిరగలి పైరాయిని రెండు చేతులతో ఎత్తి, తలుపు సందులో దూర్చి బిగించాడు. అది ఎంతసేపు ఆపుతుందో అతనికి తెలియదు.

"అవ్వా, అన్నయ్యను సొరంగం దాకా నడిపించు. వచ్చేవాళ్ళకి దారి చూపిస్తూ అక్కడే ఉండు."

"నువ్వో?"

అతను చురకత్తి పళ్ళ మధ్య కరుచుకుని అప్పటికే నేల మీద పడుకున్నాడు. గ్రహణం ముంగిలిని మింగేసే వేళకి, తలుపుకీ నేలకీ నడుమ ఆ జానెడు సందులోంచి అతని పాదాలు కూడా లోపలికి వెళ్ళిపోయాయి.